ఓసీడీకి మాత్రలు మొదలుపెట్టాలా? తెచ్చి పెట్టుకున్నాను కానీ వేసుకోలేకపోతున్నాను

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 32 ఏళ్లు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. పాపకు మూడేళ్లు.

తలుపు గడియ, గ్యాస్ రెగ్యులేటరు మళ్లీ మళ్లీ చూసుకునే అలవాటు కాలేజీ రోజుల నుంచీ ఉంది. ఇంట్లో చాదస్తం అనేవారు, నేనూ అంతే అనుకున్నాను. ఇప్పుడు పొద్దున బయలుదేరే ముందు రెగ్యులేటరు ఆపేసి ఫోనుతో ఫోటో తీసుకుంటాను. బస్సులో కూర్చుని ఆ ఫోటో చూస్తాను. ఇది ఈరోజుదా, నిన్నటిదా అని అనుమానం. తేదీ, సమయం చూస్తాను. సరే, ఈరోజుదే. మరి ఫోటో తీశాక కొంగు తగిలి మళ్లీ తిరిగిందేమో? మా వారికి ఫోను చేస్తాను. ఆయన ఆపే ఉందంటారు. నిజంగా లేచి వెళ్లి చూశారా, ఊరికే అన్నారా అని ఇంకో అనుమానం. బస్సు దిగి వెనక్కి వెళ్లిన రోజులున్నాయి.

పాప పుట్టాక ఇది ఇంకో రూపమెత్తింది. కూరగాయలు తరుగుతుంటే పాప పక్కకు వస్తుంది. 'ఈ కత్తితో దాన్ని పొడిచేస్తానేమో' అని తలలో ఒక్కసారిగా మెరుస్తుంది. ఒళ్లంతా చల్లబడిపోతుంది. నా బిడ్డ అంటే నాకు ప్రాణం. అయినా ఈ ఆలోచన నా తలలోకి ఎందుకు వస్తోంది? కత్తులన్నీ అటక మీదికి ఎక్కించాను. చెయ్యి నొప్పి అని చెప్పి, తరగడం అత్తగారికి అప్పజెప్పాను. రాత్రి మా వారు ఊళ్లో లేకపోతే పాపను అత్తగారి పక్కనే పడుకోబెడుతున్నాను.

మా వారు పట్టుబట్టి సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన అంతా విని ఓసీడీ అన్నారు, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం తగ్గించుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పనులు ఉండే జబ్బు. సెర్ట్రాలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తరువాత 50 చేయమని రాశారు. తరువాత ఇంకా పెంచాల్సి రావచ్చన్నారు. మాత్రలు తెచ్చి వారాలు గడిచాయి, బీరువాలో చీరల కింద ఉన్నాయి. రాత్రిపూట తీస్తాను, డబ్బాలోని కాగితం మడతలు విప్పి దుష్ప్రభావాలన్నీ చదువుతాను, మళ్లీ అక్కడే పెట్టేస్తాను.

ఇవి అలవాటైపోతాయా? జీవితాంతం మింగాలా? మత్తులో ఉండి పాపకు ఏదైనా చేసేస్తే? వేసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.


నిర్వాహకురాలు
మంగళవారం, ఉదయం 6:15

గోదారిగట్టు గారూ, రాసినందుకు సంతోషం. మిగతావారికి ఒక మనవి: ఎవరి మోతాదూ పెంచమని గానీ, తగ్గించమని గానీ, ఆపమని గానీ ఇక్కడ చెప్పవద్దు. అనుభవం చెప్పండి, తెలిసిన విషయం చెప్పండి. ఎవరికైనా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకండి. వెంటనే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక సహాయ ఫోను సేవ. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.


గుంటూరు_వేణు
మంగళవారం, ఉదయం 7:03

అమ్మా, మీ కత్తి ఆలోచన గురించే ముందు రాస్తాను. ఇక్కడ చదివేవాళ్లలో ఎందరో అలాంటిది లోపల పెట్టుకుని నలిగిపోతుంటారు.

అది మీ కోరిక కాదు. ఓసీడీ మనిషికి దేనిమీద ప్రాణమో సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది. నాకు దేవుడి మీద పట్టుకుంది. పూజలో కూర్చుంటే విగ్రహం గురించి నోటితో చెప్పలేని బూతు ఆలోచనలు వచ్చేవి. విష్ణుసహస్రనామం చదువుతూ మధ్యలో అలాంటిది మెరిసిందంటే ఆ నామం అపవిత్రమైపోయిందని మళ్లీ 'విశ్వం' దగ్గర నుంచి మొదలు. సగం దాకా వచ్చేసరికి మళ్లీ అదే. తెల్లవారుజామున కూర్చుంటే ఎండెక్కేదాకా పీట మీద నుంచి లేచేవాడిని కాదు. ఇంటికి వచ్చినవాళ్లు ఎంత భక్తిపరుడు అనేవారు. లోపల నేను నరకంలో ఉన్నాను. మడి, అంటు, ఆచారం ఉన్న ఇళ్లలో ఈ జబ్బు ఏళ్ల తరబడి భక్తి పేరుతో దాగిపోతుంది.

నాకు మందు మొదలుపెట్టింది 1990లలో. అప్పట్లో క్లోమిప్రమిన్ ఇచ్చారు. ఓసీడీకి పనిచేస్తుందని రుజువై, అమెరికాలో 1989లో అనుమతి పొందిన మొదటి మందు అదే. నోరు పిడచకట్టుకుపోయేది, మలబద్ధకం వేధించేది. తరువాత ఫ్లూక్సెటిన్‌కు మార్చారు, ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఆ మందు నన్ను వేరే మనిషిని చేయలేదు. ఆలోచన ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. వస్తే రానీ అని తరువాతి నామానికి వెళ్లిపోగలుగుతున్నాను. మందు లేనప్పుడు అది నా వల్ల కాలేదు.

గోదావరి వరద మీదున్నప్పుడు ఎవరికీ ఈత నేర్పలేరు కదా. మాత్ర వేసుకుంటే వరద తీస్తుంది. ఆ తరువాత ఈత మనమే నేర్చుకోవాలి.


మందులకొట్టు_కరీంనగర్
మంగళవారం, ఉదయం 10:30

నాకు మెడికల్ షాపు ఉంది, బి.ఫార్మసీ చదివాను. ఈ ప్రశ్నలు కౌంటరు దగ్గర రోజూ వింటాను కనుక వివరంగా రాస్తాను.

జనం 'మెంటల్ మందులు' అని అన్నింటినీ ఒకే గాటన కడతారు. మత్తు, అలవాటు అని భయపడేది ఆల్ప్రజోలమ్, క్లోనజెపామ్ లాంటి వాటి గురించి. అవి వేసుకున్న కాసేపటికే పనిచేస్తాయి, నెలల తరబడి వాడితే ఒంటికి అలవాటవుతాయి, మోతాదు పెంచాలనిపిస్తుంది. సెర్ట్రాలిన్, ఫ్లూక్సెటిన్, ఫ్లూవోక్సమైన్, ఎస్సిటలోప్రామ్ ఆ జాతివి కావు. ఇవి వేసుకుంటే కిక్కు రాదు, ఇంకొకటి మింగాలన్న యావ పుట్టదు.

అయితే ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రపట్టకపోవడం, తలలో కరెంటు తగిలినట్టు జివ్వుమనడం ఉండవచ్చు. పరాక్సెటిన్‌తో ఇది ఎక్కువ. ఫ్లూక్సెటిన్ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కనుక తక్కువ. అందుకే డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గిస్తారు.

మొదటి ఒకటి రెండు వారాల్లో వికారం, విరేచనాలు, తలనొప్పి, నిద్రలో తేడా రావచ్చు. కొందరికి ఆందోళన తగ్గే ముందు కాస్త పెరుగుతుంది. మామూలుగా ఇవి తగ్గిపోతాయి. దాంపత్య విషయంలో ఆసక్తి తగ్గడం, ఆలస్యం కావడం మాత్రం కొందరికి కొనసాగుతుంది. సిగ్గుపడి చాలామంది దీన్ని డాక్టరుకు చెప్పరు, చెప్పకుండా మందు మానేస్తారు. చెబితే వాళ్లు మార్గం చూస్తారు. 25 ఏళ్ల లోపు వారికి మొదటి వారాల్లో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఉంది. వాళ్లను ఇంట్లోవాళ్లు దగ్గరుండి గమనించుకోవాలి.

డాక్టరుకు తప్పక చెప్పాల్సినవి కొన్ని: ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు) ఉందా, మీకు మళ్లీ బిడ్డ కావాలన్న ఆలోచన ఉందా, ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారు. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు దీనితో కలపకూడదు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఒంటి నొప్పులకు షాపులో అడిగి కొనుక్కునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

డాక్టరు పెంచాల్సి రావచ్చనడం చూసి జబ్బు ముదిరిందనుకోకండి. డిప్రెషన్ కంటే ఓసీడీకి మోతాదు ఎక్కువ పడుతుంది, సెర్ట్రాలిన్ 200 మిల్లీగ్రాముల దాకా వెళతారు. పనిచేస్తుందో లేదో తేల్చాలంటే 8 నుంచి 12 వారాలు చూడాలి. రెండో వారంలో 'ఏమీ తేడా లేదు' అని వదిలేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.


వేపచెట్టు
మంగళవారం, మధ్యాహ్నం 1:18

అందరూ మాత్రల వైపే మాట్లాడుతున్నారు కనుక ఇంకో మాట చెప్పాలి. మా అన్నయ్యకు ఆందోళన అని ఊళ్లో ఒకాయన మాత్రలు ఇచ్చాడు. రెండేళ్లు పగలూ రాత్రీ నిద్రే, పొలం పని పోయింది. చివరికి ప్రాణాయామం, నడక, వేళకు తిండి, వీటితో మనిషి అయ్యాడు. రసాయనాలతో మనసును మార్చాలనుకోవడం నాకు నచ్చదు. అమ్మా, ముందు యోగా చేసి చూడండి.


మందులకొట్టు_కరీంనగర్
మంగళవారం, మధ్యాహ్నం 2:05

అన్నా, మీ అన్నయ్య పడిన బాధను కాదనను. పగలంతా నిద్ర అంటున్నారంటే అవి నిద్రమాత్రల జాతివే అయి ఉండవచ్చు. చీటీ ఉంటే పేరు చూడండి. యోగా చేయడం మంచిదే, నడక మంచిదే. ఓసీడీ ఈ స్థాయిలో ఉన్నప్పుడు అవి ఒక్కటే చాలవు. అంతకంటే ముఖ్యం, మూలికల పొడులేవైనా వాడుతుంటే ఆ సంగతి సైకియాట్రిస్టుకు చెప్పాలి.


డల్లాస్_తెలుగు
మంగళవారం, రాత్రి 8:50

నేను మందు లేకుండానే బయటపడ్డాను, కాబట్టి ఆ దారి కూడా ఉందని రాస్తున్నాను. నాకు చేతులు కడగడం, ఆఫీసులో తలుపు పిడులు ముట్టుకోలేకపోవడం ఉండేవి. ఈఆర్‌పీ అనే చికిత్స చేయించుకున్నాను. పూర్తి పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయపెట్టే దాన్ని కావాలని ఎదుర్కోవడం, ఆ తరువాత మనం మామూలుగా చేసే తంతు చేయకుండా ఉండడం, అంతే. చెప్పడానికి ఒక్క ముక్క, చేయడానికి చాలా కష్టం. లిఫ్టు బటను నొక్కి, చేయి కడగకుండా ఆ చేత్తోనే బిస్కెట్ తినమన్నారు. తిన్నాను. గంట సేపు గుండె దడదడలాడింది. ఆ తరువాత అదే తగ్గింది. కడగకుండానే తగ్గింది! అది నాకు ఎవరూ మాటలతో నమ్మించలేని విషయం.

నా ఉద్దేశంలో మందు కంటే ముందు దీన్ని ప్రయత్నించాలి. ఒకసారి నేర్చుకున్నది మన దగ్గరే ఉంటుంది.


మనోవిద్యార్థిని
మంగళవారం, రాత్రి 10:20

నేను క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్ చేస్తున్నాను. డల్లాస్ గారు చెప్పినది నిజం. ఓ మోస్తరు ఓసీడీకి ఈఆర్‌పీ ఒక్కటే సరిపోవచ్చు. ఈ పద్ధతికి దారి వేసింది లండన్‌లో విక్టర్ మేయర్, 1966లో. అంతకు ముందు ఓసీడీని నయం కాని జబ్బుగానే చూసేవారు.

అయితే 'ముందు ఇది, తరువాత అది' అని అందరికీ ఒకే వరుస పెట్టలేం. రోగం తీవ్రంగా ఉంటే మనిషి మొదటి మెట్టు కూడా ఎక్కలేరు, అప్పుడు మందు ఆ మెట్టు ఎక్కిస్తుంది. మన ఊళ్లలో ఈఆర్‌పీ తెలిసిన సైకాలజిస్టు దొరకడం కూడా కష్టమే. వెతికేవారు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి, ఓసీడీకి ఈఆర్‌పీ చేయిస్తారా అని సూటిగా అడగండి. 'పాజిటివ్‌గా ఆలోచించండి' అని సలహాలిచ్చి పంపేవారు ఈ జబ్బుకు పనికిరారు. బెంగళూరులోని కేంద్ర మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఆ రెండు పేర్లనూ మనవాళ్లు తిట్లుగా వాడి, అవసరమైనవాళ్లు గడప తొక్కకుండా చేశారు. నాకు చాలా కోపం తెప్పించే విషయమది.

మందు మెదడును మారుస్తుంది, చికిత్స మనసును మారుస్తుంది అని విడదీసేవారికి ఒకటి చెప్పాలి. 1992లో కాలిఫోర్నియాలో బాక్స్‌టర్ బృందం కొందరికి ఫ్లూక్సెటిన్ ఇచ్చి, కొందరికి ప్రవర్తనా చికిత్స చేసి మెదడు స్కానులు తీసింది. బాగుపడినవారిలో కాడేట్ అనే ఒకే భాగంలో మార్పు కనిపించింది, ఏ దారిన బాగుపడినా సరే.


గోదారిగట్టు
బుధవారం, రాత్రి 12:10

అందరికీ ధన్యవాదాలు. వేణు గారూ, మీ పూజ సంగతి చదివి ఏడ్చేశాను. నా ఒక్కదానికే అనుకున్నాను.

కరీంనగర్ గారూ, మత్తు రాదన్నారు. సెర్ట్రాలిన్‌తో ఎవరికీ రాదా? కాగితంలో నిద్రమత్తు అని ఉంది.


మందులకొట్టు_కరీంనగర్
బుధవారం, ఉదయం 9:45

కొందరికి కాస్త మగతగా ఉండవచ్చు, కొందరికి దానికి విరుద్ధంగా నిద్ర పట్టదు. మగతగా ఉంటే రాత్రికి, నిద్ర పట్టకపోతే పొద్దున్నకు డాక్టరు మారుస్తారు. ఏం చేస్తున్నామో తెలియని స్థితి మామూలుగా రాదు.


గోదారిగట్టు
బుధవారం, మధ్యాహ్నం 3:30

'మామూలుగా' అన్నారు. అంటే ఎప్పుడైనా రావచ్చా? మా ఇంట్లో పాప ఉంది కనుక అడుగుతున్నాను. ఎవరికైనా అలా జరిగిందా?


గోదారిగట్టు
బుధవారం, రాత్రి 11:15

ఎవరూ రాయలేదు. నిన్న రాత్రంతా ఫోనులో వెతికాను. ఒక చోట ఏమీ కాదని ఉంది, ఇంకో చోట భయపెట్టేలా ఉంది. నూటికి నూరు శాతం ఏమీ కాదని ఎవరైనా ఒక్కరు చెబితే రేపే వేసుకుంటాను.


మనోవిద్యార్థిని
గురువారం, ఉదయం 7:25

గోదారిగట్టు గారూ, మీ మీద గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను. మీరు మొదట రాసిన గ్యాస్ రెగ్యులేటరు సంగతి ఒకసారి చూడండి. ఫోటో ఉంది, ఫోటో మీద తేదీ ఉంది, మీ వారి మాట ఉంది. అయినా ప్రతి జవాబుకూ కొత్త అనుమానం పుట్టింది. ఇప్పుడు మాత్ర విషయంలోనూ అదే నడుస్తోంది. కరీంనగర్ గారు చెప్పినది చదివారు, కాసేపు తేలికపడ్డారు, 'మామూలుగా' అన్న ఒక్క మాట పట్టుకుని మళ్లీ మొదలైంది.

ఇది మందు మీద భయం ఒక్కటే అయితే వివరం తెలిశాక తగ్గేది. మందునే ఓసీడీ పట్టుకుందని నాకు అనిపిస్తోంది. భరోసా అడగడం కూడా చేతులు కడగడం లాంటి తంతే. నూటికి నూరు శాతం అని మేం రాస్తే మీకు సాయంత్రం దాకా ప్రశాంతంగా ఉంటుంది, రాత్రికి ఇంకో ప్రశ్న వస్తుంది. అందుకే ఈ ఒక్క ప్రశ్నకు నేను జవాబు రాయను. మిగతావారిని కూడా రాయవద్దని కోరుతున్నాను.


డల్లాస్_తెలుగు
గురువారం, ఉదయం 8:40

దీన్ని నేను ఒప్పుకోను. ఒక తల్లి, ఒంట్లోకి వెళ్లే మందు గురించి అడుగుతోంది. అడిగే హక్కు లేదా? డాక్టర్లు రోగికి మూడు నిమిషాలు కూడా ఇవ్వకుండా చీటీ రాసి పంపే చోట, ప్రశ్నలడిగితే దాన్ని జబ్బు లక్షణం అంటే ఇక ఎవరు నోరు తెరుస్తారు? ఆమె ప్రశ్నను ఆమె జబ్బుకే అప్పజెప్పడం నాకు అన్యాయంగా తోస్తోంది.


గోదారిగట్టు
గురువారం, ఉదయం 9:05

మీరందరూ కూడా జవాబు చెప్పకపోతే నేను ఎక్కడ అడగాలి? ఎంతో ధైర్యం చేసి రాశాను.


ఖమ్మం_అమ్మ
గురువారం, మధ్యాహ్నం 12:20

చెల్లీ, బాధపడకు. మా అబ్బాయికి పదహారేళ్లు, ఇంటరు చదువుతున్నాడు. మా ఇంటి కథ చెబుతాను, నీ ప్రశ్నకు ఇది దగ్గరగానే ఉంటుంది.

వాడు స్నానానికి వెళితే మేడ మీద ట్యాంకు ఖాళీ అయ్యేది. పుస్తకం నేల మీద పడితే అట్టలు డెట్టాల్ గుడ్డతో తుడిచి ఇచ్చేదాన్ని. వాడి గది తలుపు వాడు ముట్టడని నేనే తీసేదాన్ని. 'అమ్మా, ఇది శుభ్రంగానే ఉంది కదా' అని అడిగితే 'ఉంది నాన్నా' అనేదాన్ని. మళ్లీ అడిగేవాడు, మళ్లీ అనేదాన్ని. కన్నబిడ్డ అల్లాడుతుంటే ఏ తల్లి అనకుండా ఉంటుంది? థెరపిస్టు మాకు నేర్పింది ఏమిటంటే, ఒకసారి చెప్పాక మళ్లీ అడిగితే 'నీకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పను, నీ పక్కన కూర్చుంటాను' అనమన్నారు. మొదటి రోజుల్లో వాడు తలుపులు బాదాడు, నన్ను అనరాని మాటలన్నాడు. పక్కన కూర్చున్నాను. నెలలు పట్టింది కానీ అడగడం తగ్గింది.

జవాబు రాయనన్న ఆ అమ్మాయి నీ మీద కోపంతో ఆ మాట రాయలేదు. మా వాడికి మాత్రలు కూడా ఇస్తున్నారు. పిల్లలకు రెండూ కలిపి ఇవ్వడం మంచిదేనా అని నాకూ మనసులో గుబులుగానే ఉంది.


మనోవిద్యార్థిని
గురువారం, మధ్యాహ్నం 1:50

అమ్మా, మీరు అడిగినది చెప్పగలను. 2004లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 112 మంది మీద 12 వారాల పరిశోధన ఒకటి వచ్చింది. లక్షణాలు దాదాపు పోయినవారు, ప్రవర్తనా చికిత్స, సెర్ట్రాలిన్ రెండూ అందుకున్నవారిలో నూటికి 54 మంది. చికిత్స ఒక్కటే అయితే 39, మందు ఒక్కటే అయితే 21, ఉత్తుత్తి మాత్రలతో 4. కాబట్టి రెండూ ఇస్తున్నారంటే మీ డాక్టరు సరైన దారిలోనే ఉన్నారు.

డల్లాస్ గారూ, మీ కోపం న్యాయమైనదే. రోగికి సమయం ఇవ్వకపోవడం పెద్ద తప్పు. తెలియనిది తెలుసుకోవడానికి అడిగే ప్రశ్నను నేను ఎప్పుడూ కాదనను. జవాబు తెలిసిన తరువాత, భయం పోగొట్టుకోవడానికి మళ్లీ అడిగే ప్రశ్న గురించే నా మాట.


గుంటూరు_వేణు
గురువారం, సాయంత్రం 6:30

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నా డాక్టరు నాకు పెట్టిన ఏర్పాటు చెబుతాను. ప్రశ్నలు కాగితం మీద రాసుకోవాలి. వాటిని ఒక్క మనిషినే, మందు రాసిన మనిషినే అడగాలి. జవాబు అదే కాగితం మీద ఆయన ఎదుటే రాసుకోవాలి. తరువాత అనుమానం వస్తే ఆ కాగితం కూడా పదే పదే తీసి చూడకూడదు. ఫోనులో వెతకకూడదు, షాపతన్ని అడగకూడదు, భార్యను అడగకూడదు. ఒంట్లో కొత్తగా ఏదైనా తేడా చేస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆయనకు ఫోను చేయాలి, అది వేరే విషయం.

అమ్మా, మీ కాగితంలో కత్తి ఆలోచన సంగతి తప్పక రాయండి. డాక్టరుకు అది పూర్తిగా చెప్పారా? చాలామంది తాళం, గ్యాస్ వరకే చెప్పి అక్కడ ఆగిపోతారు. చెబితే పిల్లను లాక్కుంటారనో, పిచ్చి అంటారనో భయం. ఓసీడీ తెలిసిన డాక్టరుకు ఇది కొత్త కాదు. ప్రసవం తరువాత తల్లులకు ఇలాంటి ఆలోచనలు రావడం వాళ్లు తరచూ చూసేదే.


గోదారిగట్టు
గురువారం, రాత్రి 10:55

చెప్పలేదు. గ్యాస్ గురించే చెప్పాను. మా వారికి కూడా కత్తి సంగతి తెలియదు.


ఖమ్మం_అమ్మ
గురువారం, రాత్రి 11:02

ఇక్కడ చెప్పావు కదా చెల్లీ. రాసిన ఆ పేరాను అలాగే డాక్టరుకు చూపించు. నోటితో చెప్పనక్కరలేదు.


గోదారిగట్టు
తరువాతి బుధవారం, రాత్రి 9:20

అక్కా, నువ్వు చెప్పినట్టే చేశాను. ఫోను ఆయన చేతికిచ్చి తల దించుకుని కూర్చున్నాను. చదివి, 'ఇది ఎన్నాళ్ల నుంచి' అని అడిగారు, అంతే. మొహంలో ఏ మార్పూ లేదు. ఆ ఆలోచనలు వచ్చినప్పుడు నేను ఏం చేస్తానో, నా మనసు ఎలా ఉంటుందో, నిద్ర ఎలా ఉందో, లేని మాటలు వినిపిస్తాయా, ఇలా చాలా అడిగారు. అన్నీ అడిగాక ఇది కూడా ఓసీడీయే అన్నారు. మా వారిని లోపలికి పిలిచి నా ఎదుటే వివరించారు. ఇంటికి వచ్చాక ఆయన ఏమీ మాట్లాడలేదు, పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. మత్తు సంగతి అడిగితే, పాపకు హాని చేస్తానన్న భయం మందు వల్ల వచ్చింది కాదు, మందుకు ముందే ఉంది, జబ్బులో భాగం అన్నారు. ఎన్నాళ్లు అంటే, బాగుపడిన తరువాత కనీసం ఒకటి రెండేళ్లు వాడి, అప్పుడు మెల్లగా తగ్గించి చూద్దాం అన్నారు. ఆపాక కొందరికి తిరిగి వస్తుంది, చికిత్స కూడా నేర్చుకుంటే ఆ అవకాశం తగ్గుతుంది అన్నారు. బ్యాంకులో తెలుస్తుందా అంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నా వివరాలు గోప్యంగా ఉంచాలట.

నిన్న ఇడ్లీ తిన్నాక మొదటి మాత్ర వేసుకున్నాను. భయం పోయాక కాదు, భయంతోనే వేసుకున్నాను. కడుపులో తిప్పుతోంది.


డల్లాస్_తెలుగు
గురువారం, ఉదయం 7:15

చాలా సంతోషం గోదారిగట్టు గారూ. చికిత్స ముందా, మందు ముందా అన్న నా పట్టు ఇక్కడ వదిలేస్తున్నాను. మీ డాక్టరు మీ మాట విన్నారు, అది ముఖ్యం.


వేపచెట్టు
గురువారం, ఉదయం 8:00

అమ్మా, జాగ్రత్త. కరీంనగర్ గారూ, పాత చీటీ వెతికాను. ఆల్ప్రజోలమ్ అని ఉంది. మా అన్నయ్యను ఈసారి జిల్లా ఆసుపత్రిలో చూపిస్తాను.


గోదారిగట్టు
రెండు నెలల తరువాత, ఆదివారం, మధ్యాహ్నం 3:40

చాలామంది వ్యక్తిగతంగా అడిగారు కనుక రాస్తున్నాను. మాత్ర 100 దాకా పెంచారు. మొదటి పది రోజులు వికారం, ఒకటి రెండు రాత్రులు నిద్ర లేదు, తరువాత సర్దుకుంది. బరువులో పెద్ద తేడా లేదు. నెల దాటే వరకు ఏ మార్పూ కనిపించలేదు, చాలా నిరాశపడ్డాను. ఆ తరువాత ఒకరోజు బ్యాంకులో మధ్యాహ్నం భోజనాల వేళ, పొద్దుటి నుంచి రెగ్యులేటరు ఫోటో తెరిచి చూడలేదని గుర్తుకొచ్చింది.

పోయిందని చెప్పను. ఆలోచనలు వస్తూనే ఉన్నాయి. విశాఖలో ఒక క్లినికల్ సైకాలజిస్టు వారానికోసారి వీడియోలో ఈఆర్‌పీ చేయిస్తున్నారు. భయాన్ని బట్టి మెట్ల వరుస రాయించారు. కత్తి అటక మీది నుంచి వంటింటి సొరుగులోకి రావడం మొదటి మెట్టు. తరువాత పాప వేరే గదిలో ఉండగా దోసకాయ తరగడం. ఇప్పుడు పాప వంటింటి గడప దగ్గర కూర్చుని బొమ్మలతో ఆడుకుంటుంటే తరుగుతున్నాను. 'ఏమీ చేయను, ఏమీ చేయను' అని లోలోపల అనుకోకూడదట, అది కూడా తంతేనట. అది అన్నింటికంటే కష్టంగా ఉంది. మా వారు గ్యాస్ ప్రశ్నకు జవాబు చెప్పడం మానేశారు. మొదట్లో ఆయన మీద బాగా కోపం వచ్చింది.

ఒక్క సందేహం. ఆడిట్ హడావిడిలో నిన్న పొద్దుటి మాత్ర మరిచిపోయాను. ఈరోజు రెండు వేసుకోవాలా?


మందులకొట్టు_కరీంనగర్
ఆదివారం, సాయంత్రం 4:10

వద్దమ్మా. రెండు కలిపి వేసుకోకూడదు. ఈరోజుది ఈరోజు మామూలు వేళకే వేసుకోండి, నిన్నటిది వదిలేయండి. ఎప్పుడైనా అదే రోజు గుర్తొస్తే అప్పుడే వేసుకోవచ్చు. తరువాతి మాత్ర వేళ దగ్గరపడితే మరిచినదాన్ని వదిలేయాలి. స్ట్రిప్పు చీరల కింద కాకుండా, పొద్దున కాఫీ కలుపుకునే చోట, పాపకు అందని ఎత్తులో పెట్టుకోండి.